ఖాళీ అరచేయి

చేతిలో ఏముందో ఎదుటివాడికి చూపించకూడదని మా అంగట్లో చిన్నప్పుడే నేర్చుకున్నాను. మా మేనత్త మాత్రం ఏ మూగజీవిని ముట్టుకోవాలన్నా ముందు ఖాళీ అరచేయి చాపి ఆగేది.

ఒక ఎండాకాలం ఆమె యాడికి అనే ఊరి నుంచి మా ఇంటికి వచ్చింది. మా పాప పెంచుకునే గినీ పిగ్ అనే పెద్ద ఎలుకలాంటి జీవికి ఒళ్లంతా పొడవాటి జుట్టు, దువ్వెనంటే పగ. వెనక కాలి దగ్గర జుట్టు ఉండకట్టి, కింద చర్మం పుండైంది. ఈగలు వాలుతున్నాయి. పురుగు పడితే అది బతకదు. ఉండ కత్తిరిద్దామని నేను అదిమిపట్టాను. కీచుమని అరిచి బిగుసుకుపోయింది. గుండె ఒక్కటే నా వేళ్ల కింద దడదడలాడుతోంది.

"విడువప్పా. భయానికే సచ్చేట్టుండాది," అంది అత్త.

"విడిస్తే మంచం కిందికి పోతాది గదత్తా."

"పోనీ. పోయే దావ ఉంటేనే నిలబడ్తాది. నువ్వు అంగడికి తలుపేసి గిరాకీని కూచోబెడ్తావా?"

విడిచాను. మంచం కిందికి దూరింది. అత్త నేల మీద కూర్చుని అరచేయి చాపింది. తర్వాత కొత్తిమీర కింద పెట్టింది. ఒక్క రెమ్మ చాలని నేను గొణుగుతుంటే కట్టంతా విప్పింది. తూకం అయ్యాకే కొసరు వేసే వంశం మాది. ఆమె ముందే వేసేసింది.

చాలాసేపటికి అది వచ్చి తినసాగింది. అత్త ఉండకూ చర్మానికీ నడుమ తన వేలు దూర్చి, ఆ వేలి మీదుగా కత్తెర ఆడించింది. ఉండ ఊడి పడింది. వేలి నుంచి రక్తం కారింది. నేను కదలబోతే కళ్లతోనే వద్దంది.

అది కట్టంతా తినేదాకా ఆ చేయి కదల్లేదు.