అత్తయ్య డీ డ్రైవ్

ఇవాళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రూతు అత్తయ్య పాత కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేశాను. తెర చూడగానే ఆమె కంగారుపడింది.

“అరే, డీ డ్రైవ్ గాయబ్ అయిపోయిందేంట్రా? మీ మావయ్య పాటలన్నీ అందులోనే కదా!”

పోయిన మావయ్య చర్చిలో పాడిన పాటలవి. అన్నీ భద్రంగా ఉన్నాయని ఒకటి వినిపించాను. లినక్స్‌లో సీ, డీ అక్షరాలు ఉండవని, నచ్చిన పేరు పెట్టుకోవచ్చని చెప్పాను.

“అయితే దానియేలు అని పెట్టు. డీ అంటే ఆయన పేరే అనుకున్నా ఇన్నాళ్లూ.”

పెట్టాను. పేరు పక్కన చిన్న బాణం గుర్తు వచ్చింది. అదేమిటని అడిగింది. నొక్కితే డ్రైవ్‌ని బయటికి పంపేస్తుందన్నాను.

“అది తీసెయ్. ఆయన ఎక్కడికీ వెళ్లరు.”

ఆ బాణం తీసేయడం నాకు చేతకాలేదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి.