గడప బయటి తోలు కాలు

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. యాకుత్‌పురాలో తరతరాలుగా గుడి అర్చకత్వం చేసే ఇల్లు మాది. దిష్టి తగిలిందని, గాలి సోకిందని నాన్న దగ్గరికి వచ్చేవాళ్ళను చూసి లోపల్లోపల నవ్వుకుంటూ పెరిగాను. పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం నాది. చేత్తో పట్టుకుని చూడనిదే దేన్నీ నమ్మను. దీన్ని చేత్తో పట్టుకునే చూశాను, అదే వచ్చిన తంటా.

పొద్దుటి షిఫ్టుకు చీకటితోనే బండి మీద బయల్దేరాలి. చలికాలం వస్తే మోకాళ్ళు కొయ్యబారిపోయేవి. అందుకని జుమ్మేరాత్ బజార్‌లో, పాత సామాన్లు అమ్మేచోట, తోలు చాప్స్ కొన్నాను. ప్యాంటు మీద వేసుకునే కాళ్ళ తొడుగులు అవి. నడుముకు బెల్టు, రెండు కాళ్ళకూ పక్కన పొడుగునా జిప్పులు, వెనక సీటు భాగం ఉండదు.

"దర్జీ సగం కుట్టి ఇడిసిపెట్టిండా ఏంది?" అని నా భార్య శ్రావణి పడీ పడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ, చలిగాలి మాత్రం కాళ్ళలోకి చొరబడేది కాదు.

అమ్మ నవ్వలేదు. మా ఇంట్లోకి తోలు రాదు. నా బెల్టు, పర్సు కూడా రెగ్జిన్‌వే. "గడప లోపలికి తెస్తే ఊకోను బిడ్డా" అంది. సరేనని మెట్ల పక్కన గోడకు మేకు కొట్టి, చెప్పుల పైన తగిలించేవాణ్ణి.

కార్తీకం చివర్లో ఒక పొద్దున మంచులో ఇసుక మీద బండి జారింది. ఎడమ కాలు బండి కింద పడి చాలా దూరం ఈడ్చుకుపోయింది. తోలంతా గీసుకుపోయింది గానీ లోపల నా చర్మం మీద గీత పడలేదు. ఎముక విరిగింది, నరం దెబ్బతింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. మోకాలి కింద స్పర్శ పోయింది. ఆ కాలు ఎప్పుడు పట్టుకున్నా చల్లగా ఉండేది. స్పర్శ వస్తే మళ్ళీ బండి, మళ్ళీ ఉద్యోగం. రాకపోతే ఏమిటని అడిగితే డాక్టర్ "చూద్దాం" అనేవాడు. ఆ మాట వింటే ఒళ్ళు మండేది.

ఆసుపత్రి వాళ్ళు సంచిలో పెట్టి ఇచ్చిన చాప్స్‌ను శ్రావణి పాత మేకుకే తగిలించింది. ఒక రోజు తెల్లవారుతుండగా వాకర్ పట్టుకుని వరండాలో నడక నేర్చుకుంటూ తూలిపోయి, ఆసరాకు వాటిని పట్టుకున్నాను. కుడి కాలు తోలు మంచులా ఉంది. ఎడమది మోకాలి నుంచి కిందికి వెచ్చగా ఉంది. ఎవరో అప్పుడే విప్పి తగిలించినట్టుంది.

మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. ఆ గోడకు ఎండ తగలదు. వెనక వేడినీళ్ళ పైపు లేదు. వేలాడే తోలులో పిల్లి పడుకోదు. కింద షెడ్డులో బండ్లు బాగుచేసే ఖలీల్ భాయ్‌కి ఇచ్చి, కొన్నాళ్ళు అక్కడ పెట్టమన్నాను. అతనే ఒక పొద్దున పట్టుకుని పైకి వచ్చాడు.

"అరే భాయ్, ఒక్క కాలే గరం ఉంటుంది. ఏంది గిది?"

అది నాకు తెలిస్తే ఇతనికెందుకు ఇస్తాను? శ్రావణి కూడా ముట్టుకుంది. "అవును, ఎచ్చగనే ఉంది. అయితే ఏం జేద్దాం?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు అరవాలనిపించింది. నా ఒంటికున్న కాలు శవం కాలులా చల్లగా ఉంటే, మేకుకు వేలాడే తోలు వెచ్చగా ఉండటమేమిటి? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

అమ్మకైతే ఆ మాటే గిట్టేది కాదు. "ఆ తోలు వచ్చినంకనే నీకు గిట్లయింది" అనేది. ఒక పొద్దున దాన్ని కర్రతో ఎత్తి చెత్తబండిలో వేయబోయింది. ఇన్నాళ్ళ ఉక్రోషమంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"ముట్టుకొని సూడు! సూసినంక పారెయ్యి!" అని అరిచాను.

అమ్మ నన్ను చూసింది. కర్ర కింద పెట్టింది. ముందు రెండు వేళ్ళు ఆనించింది, తర్వాత అరచెయ్యి. ఆ ఖాళీ తోలు కాలును ఒళ్ళోకి తీసుకుని మెట్టు మీద కూలబడింది.

"ఇది నీ కాలే రా. చలిల బయట పెట్టినం" అంది.

దాన్ని రెండు చేతులా లోపలికి తెచ్చి నా మంచం పక్కన తగిలించింది. వెళ్ళి చన్నీళ్ళతో తలస్నానం చేసింది.

ఆ రోజు నుంచి అది మళ్ళీ వెచ్చబడలేదు. బయట మేకుకు తగిలించి చూశాను, ఖలీల్ భాయ్ షెడ్డులో పెట్టి చూశాను. మామూలు పాత తోలు, అంతే. అంతకు ముందు ఎందుకు వెచ్చగా ఉండేదో, ఇప్పుడెందుకు లేదో నేను చెప్పలేను. ఆ వెచ్చదనం ఎటు పోయిందో గానీ నా కాలికైతే రాలేదు.

అమ్మ రోజూ స్నానానికి ముందు దాన్ని తాకి చూస్తుంది. "ఇంక ఏం లేదు బిడ్డా" అంటుంది. తర్వాత అదే చెయ్యి నా కాలి మీద వేస్తుంది. వేసిందని చూస్తేనే నాకు తెలుస్తుంది.