బాపు కాలు బాగైన కథ

మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఉండగా ఫోన్‌లో ఒక సందేశం వచ్చింది. నిజామాబాద్‌లో ఏటా జరిగే క్రైస్తవ కథా రచయితల సదస్సు వాళ్లు ఈసారి పాత కథలన్నీ ఏరి ఒక సంపుటి వేస్తున్నారట, అందులో మొట్టమొదటి కథ నాదే ఉండాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించిందట, బాపు కాలు బాగైన ఆ కథను ఇప్పటికీ ప్రార్థన కూటాల్లో చదివి వినిపిస్తున్నారట, కనుక అమ్మగారు దయచేసి అనుమతి ఇచ్చి ఒక పాస్‌పోర్టు ఫొటో పంపాలట. కింద చేతులు జోడించిన బొమ్మలు నాలుగు. సంతోషించడం మాట అటుంచండి, నోట్లో ఉన్న చాయ్ మింగబుద్ధి కాలేదు. ఆ కథ ఊసెత్తితే చాలు, ఇప్పటికీ నేను అక్కడి నుంచి లేచిపోతాను. ఎందుకో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు గానీ, నా ఈడు వాళ్లు మీరు, మీ దగ్గర దాచి ఏం మూటగట్టుకుంటాను.

మాది బోధన్. బాపు అంటే మా నాన్న, చెరుకు బండి తోలేవాడు. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైతే గేటు నుంచి ఊరి బయటి దాకా ఎడ్లబండ్ల బారు ఉండేదని, ఊరు ఊరంతా రసం కాగే తీపి వాసన కొట్టేదని మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బడి నుంచి వచ్చే పిల్లలం వెనక నుంచి గడలు లాగేవాళ్లం. బాపు తన బండి నుంచి లాగిన వాళ్లను చూసి కూడా చూడనట్టే ఉండేవాడు, పైగా గడ మధ్యలో ఇరుక్కుంటే ఎడ్లను కాసేపు నిలబెట్టేవాడు. అలాంటి మనిషి ఒక సీజన్‌లో కాలువ వంతెన దగ్గర బండి ఒరిగి చక్రం కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడి కాలి ఎముక వంకరగా అతుక్కుంది. కర్ర పట్టుకుని నడిచేవాడు. పొద్దు వాలిందంటే మాత్రం నొప్పి మొదలయ్యేది, ఇక ఆ మూలుగు వాడకట్టంతా వినబడేది.

అప్పుడే మా చర్చికి ఒక కొత్త పాస్టరయ్య వచ్చాడు. నూనూగు మీసాల పిల్లవాడు, సెమినరీ నుంచి నేరుగా మా ఊరికే వేశారు. బాపు మూలుగు విని తట్టుకోలేక, ఈయన నొప్పి పోయేదాకా పగటి పూట అన్నం ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. నెల దాటింది, నొప్పి పోలేదు, పాస్టరయ్య దవడలు మాత్రం లోపలికి పోయాయి. ఆరాధనలో ప్రభు రాత్రి భోజనంగా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు చేతులు వణికి గిన్నె పళ్లానికి కొట్టుకునేదట. నేను హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని, ఇవేవీ కళ్లారా చూడలేదు. చూసింది మా అవ్వ. అవ్వ అంటే నానమ్మ కాదు, మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం. ఒక ఆదివారం పొద్దున ఆమె బాపు దగ్గరకు వచ్చి, “ఆ పోరడు సచ్చేటట్టున్నడు. నొప్పి పోయిందని సాక్ష్యం జెప్పొస్త” అన్నదట. బాపు, “చెప్పు. అయ్యగారు వచ్చినప్పుడు నేను మూల్గను తియ్” అన్నాడట.

మా చర్చిలో పాటలయ్యాక, దేవుడు తమకు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పేవాళ్లను లేవమనడం ఆనవాయితీ. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేవని మా అవ్వ ఆ రోజు తల మీద కొంగు సర్దుకుని లేచింది, మూడు ముక్కలు చెప్పి కూర్చుంది. గుడి అంతా స్తోత్రాలతో మారుమోగిపోయింది. మధ్యాహ్నం పాస్టరయ్య మా ఇంటికి వచ్చి పుంటికూర పప్పుతో నాలుగు జొన్నరొట్టెలు తిన్నాడు. ఆయన తిని, ప్రార్థన చేసి, లేచి వెళ్లేదాకా బాపు గుమ్మం పక్కన కూర్చుని ఒక చెరుకు ముక్కను పళ్ల మధ్య పెట్టుకుని నములుతూనే ఉన్నాడు. నోట్లో అది ఉంటే మూలుగు బయటికి రాదు. ఆ తర్వాత ఎప్పుడు పాస్టరయ్య గొంతు వినబడ్డా బాపు చేయి చెరుకు ముక్క కోసం తడిమేది. బాపుకు చెరుకంటే ప్రాణమని పాస్టరయ్య అనుకునేవాడట, ఎవరైనా ఇస్తే తనే తెచ్చి పెట్టేవాడట. మూడేళ్లకు ఆయనకు బదిలీ అయింది. బాపు మరో ఎనిమిదేళ్లు బతికాడు, నొప్పి ఆయనతోపాటే పోయింది.

బాపు పోయాక చాలా రోజులకు అవ్వ ఇదంతా నాకొక్కదానికే చెప్పింది. అప్పటికి నేను కోటగిరిలో టీచరుగా చేస్తూ ఒక క్రైస్తవ మాసపత్రికకు కథలు పంపుతుండేదాన్ని. అవ్వకు చదువు రాదు, ప్రతి కథా నేను చదివి వినిపించాల్సిందే, ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ వినాల్సిందే. ఈ ముచ్చట రాసుకోనా అని అడిగితే చేటలోంచి తల ఎత్తకుండానే, “రాస్కో. గని మీ బాపు నొప్పిని మాత్రం తక్కువ జేసి రాయకు” అన్నది. అది తప్ప ఇంకో షరతు పెట్టలేదు.

రాశాను. ‘నేను’ అంటూ అవ్వ నోటితోనే రాశాను. చెరుకు ముక్క నములుతున్న బాపు దగ్గర కథ ఆపాను. అంత బాగా నేను అంతకుముందు రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు. ఆ కథ పట్టుకునే జీవితంలో మొదటిసారి సదస్సుకు బయల్దేరాను. బడికి సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, కాగితాలు నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బోధన్ నుంచి నిజామాబాద్ బస్సెక్కితే, దారిపొడుగునా నాకు కలిగిన గర్వం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

హాలు పసుపు మార్కెట్ యార్డుకు దగ్గర్లోనే. కథలు రాసేవాళ్లు నలభై మంది ఒక్కచోట కూర్చుంటే ఎంత బాగుంటుందోనని ఊహించుకుంటూ వెళ్లానా, మధ్యాహ్నం దాకా అక్కడ కథ అన్న మాటే వినబడలేదు. వేదిక మీద తెల్లగుడ్డ కప్పిన కుర్చీలు, వాటిలో పెద్దలు, ఒక్కొక్కరికీ దండ, దండ వేసిన వాళ్లకు మళ్లీ దండ. మాట్లాడిన ప్రతివాడూ దేవుడికి ఒక ముక్క చెప్పి తన గురించి పావుగంట చెప్పుకున్నాడు. అధ్యక్షుడు మా పత్రిక సంపాదకుడే. ఉత్తరాల కింద ఆయన సంతకం చూసి ఏళ్ల తరబడి మనసులోనే దండం పెట్టుకున్నాను. తెల్ల సఫారీ, అత్తరు వాసన, ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో గడియారం చూసుకోవడం. మనిషిని చూడకుండా గౌరవించడంలో ఉన్న సుఖం చూశాక ఉండదని అక్కడే తెలిసింది.

నా వంతు వచ్చింది, చదివాను. చివరికి వచ్చేసరికి ముందు వరుసలో ఒకాయన అలవాటుకొద్దీ స్తోత్రం అనబోయి సగంలో మింగేశాడు. అధ్యక్షుడు కళ్లజోడు తీసి, “సహోదరీ, ఇది జరిగిందా, కల్పనా?” అని అడిగాడు. అవ్వ పేరు బయటపడుతుందేమోనని కల్పనే అన్నాను. నా మాట ఎవరూ నమ్మలేదు. ‘నేను’ అని నిలబడి చెప్పిందల్లా సాక్ష్యమే, వాళ్లకు అలవాటైంది అదే. కథల సదస్సుకు వచ్చిన మనుషులకు కథంటే ఏమిటో తెలియదు. వెంటనే ఒక పెద్దాయన లేచి, దేవుని మందిరంలో అబద్ధ సాక్ష్యం పలికిన ఆ తల్లిని క్షమించమని ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. మా అవ్వను క్షమించడానికి వీళ్లెవరని అడగాల్సిన దాన్ని, తల వంచుకుని ఆమేన్ అన్నాను. రోత అంటే ఏమిటో అంతకుముందు నాకు సరిగా తెలియదనే చెప్పాలి.

ప్రార్థన అయ్యాక అధ్యక్షుడు ఎంతో దయగా నాకు దారి చూపించాడు. కల్పనే అంటున్నావు కాబట్టి సరిచేయడం నీ చేతిలోనే ఉంది, ఆమె గుడిలో నొప్పి పోయిందని పలికిన ఆ క్షణానే ఇంట్లో భర్త కాలు బాగు కావాలి, కర్ర విసిరి పరుగెత్తాలి, నడిస్తే చాలదు అన్నాడు. భోజనాలయ్యేలోగా మార్చి ఇస్తే మొదటి బహుమతి దీనికే, వచ్చే సంచికలో మొదటి పేజీ కూడా దీనికే అన్నాడు. పక్కన కూర్చున్న నవీపేట నర్సమ్మ నా చేయి నొక్కి, “అక్కా, గట్లనే మంచిగున్నది, మార్చకు” అన్నది. మరి నీ కథ సంగతేమిటన్నాను. ఆమె కథ తన బిడ్డను సాకిన పక్కింటి ముసల్మాను పిన్నమ్మ, ఖాలా గురించి. తల పక్కకు తిప్పుకుని, “నేనైతే ఆఖరి పేరాల ఖాలాకు బాప్తిస్మం ఇప్పిచ్చిన” అని చెప్పి పళ్లెం తెచ్చుకోవడానికి వెళ్లిపోయింది.

బగారన్నం, కోడికూర. పళ్లెం ఒళ్లో పెట్టుకుని, రాసే చేతికి కూర అంటకుండా చెంచాతో తింటూ, మధ్య మధ్య కలం పట్టుకుని, ఆఖరి పేజీ చింపి దాని స్థానంలో కొత్త పేజీ రాశాను. పావుగంట కూడా పట్టలేదు. బాపు కర్ర విసిరాడు, పరుగెత్తాడు. చెరుకు ముక్క తీసేశాను. ఆ కాగితానికి కూర మరక అంటింది, అయినా అధ్యక్షుడు ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు. శాలువా కప్పారు, ప్లాస్టిక్ పావురం ఉన్న జ్ఞాపిక చేతిలో పెట్టారు, ఫొటో తీశారు. వాళ్ల మీద అసహ్యం సరే, నలుగురిలో నవ్వుతూ నిలబడ్డ ఆ ఫొటోలోని నన్ను చూస్తే ఎక్కువ అసహ్యం.

సాయంత్రానికి ఇల్లు చేరాను. అవ్వ చేట ముందు పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంది. పాత ముగింపే నోటితో చెప్పగలిగేదాన్ని, అది నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. కానీ బహుమతి వచ్చిన కథ కదా, అవ్వ కూడా మెచ్చుకుంటుందని ఏ మూలో ఆశ. కొత్తదే చదివాను. బాపు పరుగెత్తే దగ్గర ఆమె ఏరడం ఆపింది. పూర్తయ్యాక అడిగింది.

“నేను జెప్పిన అబద్ధంతోని ఒక పోరడు అన్నం తిన్నడు బిడ్డా. నువ్వు జెప్పినదానికి ఎవలు తిన్నరు?”

తిన్నది నేనే. అవ్వ శాలువాను మడిచి బియ్యం డబ్బా మీద పెట్టి మళ్లీ చేట అందుకుంది. నా మీద కోపం చూపలేదు, ఎప్పటిలాగే అన్నం పెట్టింది, పోయేదాకా ప్రేమగానే ఉంది. కానీ ఆ తర్వాత ఒక్కసారి కూడా, ఏం రాసినవు, చదువు అని అడగలేదు.

ఇప్పుడు బోధన్‌లో బండ్ల బారు లేదు, ఆ తీపి వాసన లేదు, మా చుట్టుపక్కల పొలాల్లో మక్కజొన్న, సోయా వేస్తున్నారు. అద్భుతాలు మాత్రం పెరిగాయి, ఫోన్‌లో రోజూ ఎవరో ఒకరు కర్ర విసిరి పరుగెత్తుతూనే ఉంటారు, వెనక వాయిద్యాలు కూడా. ఇంకొకరి కాలు నొప్పికి తన అన్నం మానుకునే మనిషి మాత్రం నాకు మళ్లీ కనబడలేదు. ఆ పిల్లవాడి దవడలను చూసి లేచి నిలబడే ఆడమనిషీ కనబడలేదు.

సందేశానికి జవాబుగా పాత ముగింపు పంపాను. ఒక్క వేలితో తెలుగు కొట్టడానికి పూటంతా పట్టింది. వేస్తే ఇలాగే వేయండి, లేకుంటే నా కథ తీసేయండి అని రాశాను. మళ్లీ చేతులు జోడించిన బొమ్మ వచ్చింది, కమిటీలో పెడతామన్నారు. వాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు. ఫోన్ పక్కన పడేసి బజారుకు పోయి, చెరుకు రసం బండివాణ్ని అడిగి ఒక ముక్క తెచ్చుకున్నాను. బోధన్‌లో చెరుకు ముక్కను అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. గుమ్మం పక్కన కూర్చుని, మిగిలిన నాలుగు పళ్లతో కొరికి చూశాను. నిమిషం కాకముందే దవడ లాగేసింది, తీసి పక్కన పెట్టాను. పాస్టరయ్య నాలుగు రొట్టెలు తినేదాకా బాపు నమిలాడు.