షోకేసుకెక్కని లకుముకి

గోదావరికి పాటు తగిలి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు యానాం గట్టు కింద బయటపడే బురదకి ఒక వాసన ఉంటుంది. ఉప్పూ, కుళ్ళిన మడచెట్ల ఆకులూ, పీతల బొరియలూ కలిసిన ఆ వాసన మొన్న పొద్దున కెమెరా మెడలో వేసుకుని గట్టు దిగుతుంటే ముక్కుకి తగిలింది. వెంటనే మా కమలత్తయ్య గుర్తొచ్చింది.

అత్తయ్య మా నాన్నకి అక్క. మావయ్య పోయాక ఆయన ఫోటో స్టూడియో మూసేయమని చుట్టాలందరూ చెప్పినా వినకుండా తనే నడిపింది. ఊళ్ళో సగం మంది గడ్డాలు ఆవిడ చేత్తో పైకెత్తి సరిచేసినవే. బడి లేకపోతే నేనూ అక్కడే. చంటిపిల్లల్ని బల్ల మీద కూర్చోబెట్టినప్పుడు వాళ్ళు కెమెరాకేసి చూసేలా గిలక్కాయ ఆడించడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగమంటే నాకెంత గర్వమో ఇప్పుడు చెప్పినా నవ్వుతారు.

చలికాలం వచ్చిందంటే అత్తయ్య పిట్టల వెంట పడేది. అందుకు ఆవిడ చూసేది పంచాంగం. తదియ, చవితి రోజుల్లో నీళ్ళు తీసే పాటూ పొద్దుటి ఎండా ఒకేసారి వస్తాయని పడవలవాళ్ళు చెప్పారట. ఆ రోజుల్లో నన్ను సైకిలెక్కించుకుని, కాల్చిన తేగలు సంచిలో పడేసుకుని, తెల్లవారకుండానే బయల్దేరేది. పిట్ట కంటికి మన కన్ను సమానంగా ఉండాలని చీర కుచ్చిళ్ళు దోపుకుని, బురదలో గోనెసంచి పరుచుకుని బోర్లా పడుకునేది. ఎండ పది దాటితే కొంగ తెలుపంతా సున్నం కొట్టిన గోడలా అయిపోతుందని తొమ్మిదిన్నరకే లేచిపోయేది.

వలలు దులుపుకుంటూ జాలర్లు ఊరుకునేవాళ్ళు కాదు. "ఏవండీ ఫోటో అమ్మగారూ, పీతలకి కూడా పాస్‌పోర్టు సైజేనాండీ?" అనేవాళ్ళు.

ఆవిడ కోరిక ఒక్కటే. స్టూడియో షోకేసులో పెళ్ళికూతుళ్ళ మధ్య ఒక లకుముకి పిట్ట ఫోటో పెట్టాలి. ఎండ మన వీపు మీద ఉండాలి, ముక్కు కొంచెం మన వైపు తిరగాలి, కంట్లో వెలుగు చుక్క పడాలి. "చుక్క లేకపోతే అది పిట్ట కాదే, పిట్ట బొమ్మ" అనేది. పెళ్ళి రీళ్ళలో చివర మిగిలిన ఒకటి రెండు ఫిల్ములే పిట్టల వంతు కాబట్టి, ఆ చుక్క కోసం రెండు చలికాలాలు గడిచిపోయాయి.

ఒక రోజు రీలులో మిగిలింది ఒక్కటే. పడవ తాడు కట్టే వెదురు గెడ మీద లకుముకి వచ్చి వాలింది. ఎండ బాగుంది, దూరం బాగుంది, కానీ అది నీళ్ళకేసి చూస్తోందే తప్ప ఇటు తిరగదు. అత్తయ్య ఊపిరి బిగబట్టి ఎదురు చూస్తోంది. నేను ఉండబట్టలేక గౌను జేబులోంచి గిలక్కాయ తీసి ఆడించాను. పిట్ట గిరుక్కున తిరిగింది, అత్తయ్య వేలు నొక్కింది, పిట్ట ఎగిరిపోయింది.

కాకినాడ ల్యాబు నుంచి ప్రింటు వచ్చిన రోజు నేను స్టూడియో అంతా గంతులేశాను. ముక్కు మన వైపే ఉంది, కంట్లో చుక్క మిలమిలలాడుతోంది. అత్తయ్య దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"అన్నీ బావున్నాయే అమ్మడూ. కానీ ఇది మనల్ని చూసి హడిలిపోయిందే. మెడ చూడు, ఎలా బిగబట్టుకుందో. బిగుసుకోకండి బాబూ అని మనుషులకి చెప్పేది నేనే కదా! ఇదెలా పెట్టనూ?"

ఫోటో సొరుగులోకి పోయింది. నాకు కోపం, ఏడుపు. మూడు రోజులు స్టూడియో మెట్లెక్కలేదు. తర్వాత ఆవిడ కళ్ళకి శుక్లాలొచ్చాయి, ఊళ్ళో పెళ్ళిళ్ళకి వీడియోలొచ్చాయి, ఆ షోకేసులో లకుముకి ఎప్పటికీ చేరలేదు.

ఇప్పుడు అత్తయ్య లేదు. స్టూడియో ఉన్నచోట ఫోన్ కవర్లమ్ముతున్నారు. రీలు అయిపోతుందన్న బెంగ లేదు, తిథి చూసేవాళ్ళూ లేరు, సెల్లులో పిట్ట కూత వినిపించి దగ్గరికి రప్పించుకునే కుర్రాళ్ళే గట్టంతా. మొన్న పొద్దున నేనొక్కదాన్నే మూడొందల ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసుకున్నాను. దాదాపు అన్నిట్లోనూ చుక్క పడింది. దాదాపు అన్నిట్లోనూ పిట్ట మెడ బిగబట్టి నన్నే చూస్తోంది.