ఖమ్మం దాకా బొట్టు

బెజవాడ నుంచి సికిందరాబాదుకు చిన్నపిల్లలతో ప్రయాణం పెట్టుకున్న తల్లులకు ముందుగా ఒక మాట చెబుతాను. ట్రంకుపెట్టెలో ఏమేం సర్దారో పిల్లలకు తెలియనివ్వకండి. నాకీ సంగతి మధిర స్టేషన్లో తెలిసివచ్చింది.

క్రిస్మస్ సెలవులని మా అబ్బాయి రాజు బడి మూసేశారు. వాడికి ఎనిమిదేళ్ళు, చెల్లెలు చిట్టికి నాలుగు. వేసవి నుంచి మేం ముగ్గురం బెజవాడలో మా పుట్టింట్లోనే ఉన్నాం. మా ఆయన సికిందరాబాదులో గుడ్డల దుకాణంలో గుమాస్తా, కాపురం బోయిగూడలో. ఆ వేసవిలో రజాకార్ల భయానికి నిజాం రాజ్యంలో వీలున్నవాళ్ళు ఆడవాళ్ళనూ పిల్లలనూ సరిహద్దు దాటించేశారు. మమ్మల్నీ అలాగే పంపారు. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి, సైన్యం వచ్చాక అంతా సద్దుమణిగిందన్నారు. సెలవులకు పిల్లల్ని తీసుకుని రమ్మని మా ఆయన కబురు చేశారు. నేను వెంటనే బయలుదేరడానికి ఆయన ఒక్కరే కారణం కాదు, ఆయన ఏమనుకున్నా సరే. నా పెట్టె అడుగున ఒక నల్ల బురఖా ఉంది. దాన్ని దాని మనిషికి అప్పగించాలి.

ఆ మనిషి ఫాతిమా. బోయిగూడలో మాదీ వాళ్ళదీ ఒకటే వాకిలి. ఆమె భర్త కాశిం దర్జీ. చిట్టి పుట్టిన నెలలోనే నేను టైఫాయిడ్‌తో మంచం పడితే, ఫాతిమా తన కొడుకు మహబూబుతో పాటు నా పిల్లకూ పాలిచ్చి బతికించింది. వాళ్ళలో ఒకే తల్లి పాలు తాగిన పిల్లలు తోబుట్టువులతో సమానం. "నీ బిడ్డ నా బిడ్డయిందక్కా, ఇగ నువ్వు పొమ్మన్నా నేను పోను" అనేది నవ్వుతూ. వేసవిలో మేం ఊరు విడిచిన రోజు తన బురఖా నాకు తొడిగింది. నుదుటి బొట్టు తుడవబోతే, మొగుడున్న ఆడది బొట్టు తుడుచుకోకూడదే తల్లీ అని నేను ఏడ్చాను. "బొట్టు మళ్ల పెట్టుకోవచ్చక్కా, పానం పోతే మళ్ల రాదు" అని తన కొంగుతోనే తుడిచింది. రైల్లో నన్ను అమ్మా అనకుండా అమ్మీ అనాలని చిట్టికి నేర్పింది. కాశిం మమ్మల్ని స్టేషన్ దాకా నడిపించి, రైలు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు.

బెజవాడలో ఉదయం ఏడింటికి పాసింజరు ఎక్కాం. మూడో తరగతి. కిటికీ పక్కన చోటు దొరికింది గాని చలిగాలికి తలుపులు దించక తప్పలేదు. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాం. కొండపల్లి దాటేసరికే పిల్లలిద్దరూ పులిహోర సగం ఖాళీ చేశారు. ఎదుటి బల్ల మీద ఖమ్మం వెళ్ళే పెద్దావిడ ఒకామె కూర్చుంది. లావుపాటి మనిషి, అంతకన్నా లావుపాటి గొంతు.

మధిరలో నిజాం రాజ్యపు సుంకం తనిఖీ ఉంటుంది. బంట్రోతు వచ్చి పెట్టె తెరవమన్నాడు. వాడి వెనక చేతికి గుడ్డపట్టీలు కట్టుకుని, రజాకార్ల మనుషుల కోసం వెతికే ఇద్దరు వాలంటీర్లు వచ్చారు. చీరలు, పిల్లల బట్టలు, సున్నుండల డబ్బా, వాటి కింద బురఖా. ఒక వాలంటీరు దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తాడు.

"గిది ఎవల్ది?"

నేను నోరు తెరిచేలోగా చిట్టి చెప్పేసింది. "మా అమ్మీది. రైలెక్కితే మా అమ్మీ అదే వేసుకుంటుంది."

బోగీ అంతా నావైపు తిరిగింది. ఆ కుర్రాడు నా బొట్టువైపు, అది పెట్టుకోవడం నిన్నో మొన్నో నేర్చుకున్నానేమో అన్నట్టు చూశాడు. "నీ మొగుని పేరేంది?" అన్నాడు. భర్త పేరు నోటితో అనడం మా ఇళ్ళల్లో లేదు. పెళ్ళయి పదేళ్ళయినా నేనెప్పుడూ అనలేదు. అప్పుడూ నోరు పెగల్లేదు, అంతకుమించి ఒళ్ళు మండిపోయింది. నేను తడబడిన కొద్దీ వాళ్ళకు అనుమానం బలపడింది. చివరికి రాజు లేచి నిలబడి, బళ్ళో పాఠం అప్పగించినట్టు, "మా నాన్నగారి పేరు వెంకట్రామయ్య" అని అరిచాడు.

ఖమ్మం ఆవిడ గొంతెత్తింది. "ఆమె మెడల పుస్తెలు, కాళ్లకు మట్టెలు కనబడ్తలేవా? ఆడోళ్ల పెట్టెల ఏం దేవులాడుతుండ్రు? పోండ్రి!"

వాళ్ళు బురఖాను పెట్టెలో పడేసి పోయారు. ఆవిడకు నేను చేతులు జోడించాను. ఆవిడ తల ఊపి, తన సద్దిమూటను మాత్రం నాకు దూరంగా జరుపుకుంది.

కాజీపేటలో మధ్యాహ్నం చాలాసేపు ఆగాం. అక్కడ టీ బాగుంటుంది. మన రూపాయలు ఇస్తే చిల్లర నిజాం హాలీ నాణేల్లో ఇస్తారు, చూసి తీసుకోవాలి. సాయంత్రం ఆరు దాటాక సికిందరాబాదు చేరాం. ప్లాట్‌ఫారం మీద సిపాయిలు కనబడగానే చిట్టి నా కొంగు పట్టుకుని, "అమ్మీ, అది వేసుకో" అంది. ఆరు నెలల కిందట నేర్పింది పిల్ల మరచిపోలేదు. ఇక అక్కర్లేదని ఎంత చెప్పినా నమ్మలేదు.

మా ఆయన జట్కా తెచ్చారు. ఇల్లు చేరేసరికి వాకిట్లో ఫాతిమా వాళ్ళ గదికి తాళం ఉంది.

"మౌలాలిల వాళ్ల అన్న దగ్గరున్నరు, తల్లీ కొడుకు" అన్నారాయన, పెట్టె దించుతూ.

"కాశిం?"

"గడబిడకు ముందుగాల పెండ్లి బట్టలు కుట్టనీకె బీదర్ దిక్కు పోయిండు. మళ్ల రాలే. ఆ దిక్కు ఊర్లల్ల శాన మంది పానాలు పోయినయంటున్నరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం జేస్తుంటివి? పిల్లల పండుగ ఎందుకు పాడుజేసుడని ఊకున్న."

ఆయన మంచివారే. కాని ఆ పూట నేను ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు.

మర్నాడు పిల్లలకు క్రిస్మస్ బజారు చూపించారు. దుకాణాల ముందు రంగుకాగితం నక్షత్రాలు వేలాడుతున్నాయి గాని కొనేవాళ్ళు తక్కువ. కేకుల దుకాణంలో దొరసాని ఒకావిడ తన సామాను అమ్మకానికి ఉందని మా ఆయనకు చెబుతోంది. వాళ్ళూ వెళ్ళిపోతున్నారట. రాజు ఒక నక్షత్రం కొనిపించుకున్నాడు. చిట్టి రెండు కావాలని పేచీ పెట్టింది, రెండోది మహబూబుకట. కొన్నాం.

ఆ మరుసటి ఉదయం పిల్లలతో మౌలాలి వెళ్ళాను. సికిందరాబాదులో రైలెక్కితే కూర్చునేలోపే వస్తుంది. దిగగానే రైల్వే క్వార్టర్లు, వాటి వెనక గుట్ట. ఫాతిమా అన్న ఇల్లు గుట్ట కింద ఒంటిగది. మమ్మల్ని చూసి ఫాతిమా గుమ్మంలోనే చిట్టిని ఎత్తుకుని, ఆ పిల్ల మెడలో ముఖం దాచుకుంది. చిక్కి సగమైంది. చేతులకు ఆకుపచ్చ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

ఫాతిమా వదినె టీ పెడుతూ ఫిర్యాదు మొదలుపెట్టింది. "జెర నువ్వన్న చెప్పమ్మా. ఆడ గంత ఖూనీలైనయి, మనిషి జాడ లేదు. ఇద్దత్‌ల కూసో, గాజులు తియ్యి అంటే వినదు. నలుగురు ఏమంటరు?" ఇద్దత్ అంటే భర్త పోయినావిడ గడప దాటకుండా కూర్చునే గడువు.

"ఎవలన్న చూసిండ్రా?" ఫాతిమా గొంతు పెంచలేదు. "పీనుగ చూసిండ్రా? మట్టి ఇచ్చిండ్రా? మరెట్ల తియ్యాలె?"

గది బయట మహబూబూ చిట్టీ నక్షత్రాన్ని ఎక్కడ కట్టాలా అని వాదించుకుంటున్నారు.

నేను బురఖా తీసి ఇచ్చాను. ఫాతిమా దాన్ని మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుంది. "అక్కా, నన్ను ఖమ్మంల మా అమ్మ దగ్గర దింపు. ఈడ రోజుకు ఒకసారి ఆయన్ని చంపుతున్నరు. నేను తట్టుకోలేను" అంది. "కని రైల్ల ఇది ఏసుకొని ఎట్ల పోను? భయమైతుంది."

మధిరలో జరిగింది చెప్పాను. నా మెడలో సూత్రం, నుదుట బొట్టు ఉండి కూడా నాకంత మర్యాద జరిగితే, ఆమెను ఏం చేసేవారో ఊహించడానికే భయం వేసింది. నాతో పాటు, నా చీర కట్టుకుని, నా చెల్లెలిగా రమ్మన్నాను. వాళ్ళ అన్న సాయంత్రం తల్లీకొడుకుల్ని బోయిగూడకు తెచ్చి దింపాడు. మిగిలిన సెలవులు పిల్లలు ముగ్గురూ మా వాకిట్లోనే ఆడుకున్నారు. పండగంటే మాకు అంతే.

తిరుగు ప్రయాణం రోజు తెల్లవారుజామునే లేచాం. నా నీలం చీర ఫాతిమాకు కట్టాను. కుంకుమ భరిణె తెచ్చాను గాని మూత తీయడానికి చెయ్యి రాలేదు. ఇంకొకరి మతాన్ని నుదుటి మీద దిద్దడం ఎంత మాట! వేసవిలో నా బొట్టు తుడిచినప్పుడు ఆమెకూ ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు తోచింది.

"వద్దులే ఫాతిమా. ముసుగు బాగా కప్పుకుంటే చాలు" అన్నాను.

ఆమె భరిణె అందుకుని మూత తీసింది. "అక్కా, గిది మొగుడున్నోళ్లే పెట్టుకుంటరు గద? నువ్వప్పుడు ఏడ్చినవ్."

"అవును."

"అయితే పెట్టు. పెద్దగ పెట్టు."

పెట్టాను. కొంచెం వంకరగా వచ్చింది. ఆమె అద్దం అడిగింది, చూసుకుంది, సరిదిద్దమనలేదు.

మా ఆయన రైలెక్కించారు. పిల్లాడి చదువు పాడవకుండా వేసవి దాకా బెజవాడలోనే ఉండమన్నారు. మౌలాలి దాటుతుంటే ఫాతిమా గుట్టవైపు చూడలేదు. చిట్టి మాత్రం పెద్ద ఆరిందాలా మహబూబుకు పాఠం చెబుతోంది. "రైల్లో అమ్మీ అనకూడదు. అమ్మా అనాలి. తెలిసిందా?" వాడు బుద్ధిగా తల ఊపాడు.

కాజీపేటలో మానుకోట వెళ్ళే దంపతులు ఎక్కారు. ఆ ఇల్లాలు మాకు రేగుపళ్ళు పెట్టి, ఫాతిమాను చూసి, "మీ చెల్లెలా? ఆయనేం జేస్తడు?" అని అడిగింది.

"దర్జీ" అంది ఫాతిమా. "పెండ్లి బట్టలు బాగ కుడ్తడు. పనిమీద పోయిండు, వస్తడు."

"మా ఆయన సుత గంతే, పోతే ఇల్లు యాదికి రాదు" అని ఆవిడ నవ్వింది. ఫాతిమా కూడా నవ్వింది. ఇన్నాళ్ళకు ఒక మనిషి ఆమె మాట కాదనకుండా నమ్మింది. ఆ తరవాత మానుకోట దాకా ఆమె కాశిం సంగతులే చెప్పుకుంటూ వచ్చింది. ఆయన పులుపు తినడనీ, సూదిలో దారం ఎక్కించడానికి కొడుకును పిలుస్తాడనీ, కోపం వస్తే ఉర్దూలో, తగ్గితే తెలుగులో మాట్లాడతాడనీ. అన్నీ వర్తమానంలోనే చెప్పింది. నేను కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఖమ్మం వచ్చేసరికి పొద్దు వాలింది. ఫాతిమా తండ్రి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. తెల్లగడ్డం, తల మీద టోపీ, చేతిలో కర్ర. వాళ్ళు దిగబోతుంటే నేను మరచెంబులో నీళ్ళతో తువ్వాలు తడిపి అందించాను. ఇక భయం లేదు, కన్నవాళ్ళ చేతిలో పడింది, తుడుచుకోమన్నాను.

ఫాతిమా తువ్వాలు తీసుకుని మహబూబు ముఖానికి అంటిన బొగ్గుమసి తుడిచి నాకిచ్చేసింది.

"ఉండనీ అక్కా" అంది. "ఆయన మళ్లొచ్చి ఇంట్ల కాలు పెట్టినంక నేనే తుడుచుకుంటా."

మడత విప్పని బురఖా చంకలో పెట్టుకుని దిగింది. ముసలాయన కూతురి నుదుటి వంక చూశాడు, చేతుల గాజుల వంక చూశాడు. కర్ర మనవడికిచ్చి, రెండు చేతులతో కూతురి తల దగ్గరకు తీసుకున్నాడు. రైలు కదిలేటప్పుడు చూస్తే ఆయన తెల్లని అంగీ మీద, భుజం దగ్గర, ఎర్రటి మరక కనబడింది.

మధిరలో మళ్ళీ తనిఖీ జరిగింది. పెట్టెలో ఏమున్నాయన్నారు. బట్టలన్నాను. తెరిచి చూసి వెళ్ళిపోయారు. చిట్టి నా ఒళ్ళో పడుకుని, ఇక తను కూడా అమ్మా అనవచ్చా అని అడిగింది. అనమన్నాను. రైలు సరిహద్దు దాటాక గాని అనలేదు.