వండూరు దారిలో వేడినీళ్ల గొట్టం

నిన్న వానలో మా మేనకోడలు నన్ను తన కొత్త కారులో ఎక్కించుకుని మా పోర్ట్‌బ్లెయిర్‌లోని చాతం నుంచి వస్తూ, ముందు అద్దానికి ఆవిరి పట్టగానే మాట ఆపకుండానే ఒక మీట నొక్కింది. తుడుద్దామని నేను కొంగు చేతిలోకి తీసుకునేలోపే అద్దం తేటపడిపోయింది. చూసి స్థిమితపడాల్సింది పోయి నాకు కాళ్లలో చీమలు పాకినట్టయింది. నా ఈడువాళ్లకు ఈ బాధ తెలుసు. పని అంత సుళువుగా అయిపోతే ఏదో మరిచిపోయామని భయం.

ఈ పిల్ల వాళ్ల నాన్న, అంటే మా తమ్ముడు, పెళ్లికి ముందు సొంతంగా ఒక కారు కట్టాడు. మేం డోంగీలని పిలిచే చిన్న మోటారు పడవల ఇంజన్లు బాగుచేయడం వాడి పని. పడవకి బరువు నడుమ ఉండాలి గనక కారుకీ అంతేనని, పాత వ్యాను ఇంజన్ తెచ్చి రెండు సీట్ల వెనకే బిగించాడు. ఇదంతా వండూరులోని ఒక పిల్ల కోసం. పిల్ల తండ్రి తన సొంత తమ్ముణ్ణి సముద్రంలో పోగొట్టుకున్నాడట. పడవల మీద బతికేవాడికి పిల్లనివ్వనని, నేల మీద బతకగలనని ఆదివారానికల్లా చూపించకపోతే చాతం సంబంధం ఖాయం చేస్తానని తేల్చేశాడు. ఆ కారు తనంతట తాను వాళ్ల వాకిట్లోకి వస్తే నేల మీద కార్లు బాగుచేసే షెడ్డు పెట్టుకోగలడని నమ్ముతాడట. తోసుకుంటూ వస్తే మాత్రం అటునుంచి అటే పొమ్మన్నాడు.

పోర్ట్‌బ్లెయిర్‌లో కారుకి హీటరేమిటని నవ్వకండి. మా వానల్లో, తడిసిన మనుషులిద్దరు కూర్చుంటే, వీపు వెనక కాగే ఇంజనుతో అద్దమంతా పాలు పోసినట్టయ్యేది. అందుకని తమ్ముడు బిస్కెట్ల డబ్బాలో రాగి గొట్టం చుట్టలు చుట్టి, చిన్న ఫ్యాను పెట్టి, ఇంజన్లోని వేడినీళ్లు సీట్ల కింది నుంచి అద్దం దాకా రప్పించాడు. శనివారమంతా నేను గొట్టం పట్టుకుంటే వాడు క్లిప్పులు బిగించాడు. వాడికి నిద్ర లేదు, నాకు తిండి లేదు, మా అమ్మకి తిట్లు ఆగలేదు.

ఆదివారం జోరువానలో బయల్దేరాం. అద్దం మెరిసిపోతోంది. నా పక్క తలుపు కింద నుంచి సన్నటి ధార పొగలు కక్కుతూ రోడ్డు మీద పడుతోంది. డోంగీకి ఆ ధార పడుతుంటేనే ఇంజన్ క్షేమం. పుట్టినప్పటి నుంచీ అదే చూసినవాళ్లం.

“నీళ్లు బాగా పడతన్నాయిరా!” అన్నాను సంబరంగా.

“మరేటనుకున్నావ్ అప్పా! టెన్షన్ మత్ లే,” అన్నాడు వాడు.

గారాచర్మ ఊరు దాటాక వెనకనుంచి మాడు వాసన వచ్చింది. అప్పుడు తెలిసింది: పడవకి సముద్రం నీళ్లిస్తుంది గనక వాడినవి బయట పారబోస్తాం, అలవాటు పడ్డ చెయ్యి కారుకీ అలాగే హీటరు నుంచి గొట్టాన్ని పక్కకి వదిలేసింది. తిరిగి ఇంజన్లోకి వేయడానికి మా దగ్గర మిగిలింది మూరెడు ముక్క. హీటరు మూసేస్తే దారి కనపడదు, తెరిస్తే ఇంజన్ ఎండిపోతుంది.

ఇంజన్ చల్లారాక, నమ్మితే నమ్మండి, నా గొడుగు నడుమ చిల్లు పొడిచి, ఆ ముక్క దూర్చి, వెనక ఇంజనుకి నీళ్లందించే తొట్టిలోకి వదిలాం. నేను కిటికీలోంచి గొడుగు తిరగేసి పట్టుకుంటే ఆకాశమే మాకు సముద్రమైంది. వాన జోరైతే కారు జోరు, వాన మందగిస్తే కారూ మందగింపు. మొగలి పొదల మీద ఎండపొడ కనబడ్డప్పుడల్లా తమ్ముడి ముఖం పాలిపోయేది. వాన ఆగకూడదని ఆరోజు మొక్కినట్టు మరెన్నడూ మొక్కలేదు.

చివరి చినుకులతో కారు వాళ్ల వాకిట్లోకి దిగింది, ఇంజన్ దానంతటదే ఆగిపోయింది. పిల్ల తండ్రి కారు చుట్టూ తిరిగి, ఆ ధార కింద చెయ్యి పెట్టి చూశాడు.

“ఇది కారేటి? సెక్రాలెట్టిన డోంగీ!” అన్నాడు. తమ్ముడు తల దించుకున్నాడు. “మామా, బండి మాత్రం తనంతట తానే వచ్చింది,” అన్నాను నేను, గొడుగు వెనక దాచుకుని.

ఆయన ఇంట్లోకి పోయాడు. అయిపోయిందనుకున్నాను. ఎంతసేపటికో ఒక రబ్బరు గొట్టం చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. అది సముద్రంలో పోయిన ఆయన తమ్ముడి పడవదని పిల్ల నా చెవిలో చెప్పింది. అన్నేళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. ఆయన లుంగీ ఎగగట్టి బురదలో కారు కింద పడుకుని, మా తమ్ముణ్ణి పక్కకి పిలిచాడు.

“పోయిన నీళ్లు ఎనక్కి రావాలి కదరా అబ్బాయ్. ఒగ్గేస్తే ఎలాగ?”

అంటూ క్లిప్పు తన చేత్తోనే బిగించాడు. సాయంత్రం మమ్మల్ని భోజనం చేయకుండా కదలనివ్వలేదు. చాతం వాళ్లకి ఏం కబురు పంపాడో నేనడగలేదు, ఆ పిల్ల మాత్రం మా మరదలైంది.

ఆ కారుని ఉప్పుగాలి తినేసి చాలాకాలమైంది. ఇప్పుడు షెడ్డులో తమ్ముడు కార్లకి కంప్యూటరు తగిలించి రోగం చదువుతాడు. ఏ గొట్టం ఎటు పోతోందో వాడికే సరిగా కనబడదట. బండ్లు ఆగడం మానేశాయి, మనుషులు దారిలో దిగడమూ మానేశారు. వండూరు అరగంటలో వచ్చేస్తుంది. ఆ అరగంటా ఇంజన్ చప్పుడు వినబడని సీట్లో అటూ ఇటూ కదులుతూనే ఉంటాను. ఎవరి కోసం, దేని కోసం భయపడాలో తెలియనప్పుడు కుదురుగా కూర్చోవడం నాకింకా చేతకాదు.