మా పెదనాయన దోమతెర

ఈ రోజు జమ్మలమడుగులో మా వీధికి మలేరియా మందు చల్లడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు, మనం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిని పసిగట్టే దోమ మనల్ని వెతుక్కుంటూ వస్తుందని చెప్పాడు. అరుగు మీద కూర్చున్న మా పెదనాయన శ్రద్ధగా విన్నాడు. ఇన్‌స్పెక్టరు అటు పోగానే, వాకిలి బయట నిలబడ్డ జీతగాడు ఓబులేసును పిలిచాడు.

“ఈపొద్దు నుంచి నా మంచం పక్కన కింద పండుకోరా. దోమలన్నీ నీ ఊపిరికే వస్తాయి.”

“నా గాలి సోకుతాదని నిన్నటిదాకా అరుగు ఎక్కనీలేదు గదా సామీ?”

“ఇప్పుడు సోకేది దోమలకు లేరా.”

ఓబులేసు చాప తెచ్చుకోవడానికి పోయాడు.

దోమతెర కొనలేని ఇల్లేమీ కాదు మాది. మా తెర పేరు ఓబులేసు. మీ ఇంట్లో తెర పేరేమిటో చెప్పండి.